వెలిసిపోని నీలిపచ్చ

"దొంగ ఎవరో తేలకపోయినా పర్వాలేదండీ. ఆమె దొంగ కాదని తేలితే చాలు."

కుర్చీ అంచున కూర్చున్నావిడ ఆ మాట అనేసి, అన్నందుకు తానే భయపడినట్టు తలుపు వైపు చూసింది. యాభై అయిదేళ్లుంటాయి. చేతిసంచీని ఒళ్లో రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఎప్పుడూ నీడపట్టునే ఉండే మనిషిలా కనిపిస్తున్నా నుదురూ ముక్కూ మాత్రం ఎండకి కమిలిపోయి ఉన్నాయి.

టీచరుగారు ఆవిడని పరీక్షగా చూశారు. ఇరవై రెండేళ్లు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి, ఆ తర్వాత ఈ గది అద్దెకు తీసుకుని బయట 'ప్రైవేటు పరిశోధన' అని బోర్డు తగిలించిన మనిషి ఆమె. పోయిన వస్తువు దొరకాలని వచ్చేవాళ్లని చూశారు. పక్కింటివాడే తీశాడని ముందుగానే తేల్చుకుని, ఆ మాట టీచరుగారి నోట కూడా అనిపించాలని వచ్చేవాళ్లనీ చూశారు. దొంగ దొరక్కపోయినా పర్వాలేదన్నవాళ్లు మాత్రం ఇప్పటిదాకా ఆ మెట్లెక్కలేదు.

పక్క బల్ల దగ్గర నోటుపుస్తకం తెరిచి కూర్చున్న సహాయకుడు ఒకప్పుడు ఆమె విద్యార్థే. ముప్పై ఆరేళ్లు వచ్చినా టీచరుగారు అతన్ని 'ఆఖరిబెంచీ' అనే పిలుస్తారు. కెమిస్ట్రీలో వరసగా రెండుసార్లు తప్పిన ఘనుడు. టీచరుగారు ఏం చెప్పినా అతనికి మహాద్భుతంగా తోచడానికి అదీ ఒక కారణం కావచ్చు.

"మొదటినుంచీ చెప్పండమ్మా," అన్నారు టీచరుగారు.

ఆవిడ చెప్పింది. భర్తని అందరూ పెద్దమేస్త్రి అంటారు. రకరకాల చెక్కల్ని సన్నగా కోసి, ఒకదాని పక్కన ఒకటి పొదిగి బొమ్మలు కడతాడు. కుంచె ముట్టుకోడు, డబ్బా రంగు ఇంట్లోకి రానివ్వడు. ఏ రంగైనా చెక్కకి పుట్టుకతో రావలసిందే. ఇప్పుడు చేతిలో ఉన్నది పిల్లల ఆసుపత్రిలో కొత్త వార్డు తలుపు. దాని మీద ఎగరబోతున్న లకుముకి పిట్ట. దాని రెక్కల కోసం ముప్పై ఏళ్లుగా ఏరి దాచుకున్న పద్నాలుగు నీలిపచ్చ చెక్కముక్కలు పంతొమ్మిది రోజుల కిందట బీరువాలోంచి మాయమయ్యాయి. తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి పెద్దమేస్త్రి మెళ్లో ఉంటుంది. రెండోది పదహారేళ్లుగా ఆయన దగ్గర రంపం పట్టి పనిచేస్తున్న ఆవిడ దగ్గర. అందరూ రంపాలమ్మ అంటారు.

"ఆయనకి కోపం వస్తే మనిషి కనబడడండీ. 'తాళంచెవి అక్కడ పెట్టి పో' అన్నారు. ఆమె పెట్టేసి వెళ్లిపోయింది. ఒక్కమాట అనలేదు. ఇప్పుడు వీధిలో ఎవరూ ఆమెకి పని ఇవ్వట్లేదు. పేరు పోయింది కదండీ."

"ఆమె తియ్యలేదని మీకెలా తెలుసు?"

"తెలుసండీ," అంది ఆవిడ. సంచీ సర్దుకుని లేచింది.

వెళ్లబోతూ కిటికీ దగ్గర ఆగి కర్టెన్ అంచు పట్టుకుని చూసింది. "ఇది ఒకప్పుడు ఆకుపచ్చ కదండీ? ఎన్నాళ్లకి ఇలా వెలిసిపోయింది?"

"ఒక్క వేసవికే."

"ఒక్క వేసవి," అని ఆవిడ తనలో తాను అనుకుని, నిట్టూర్చి మెట్లు దిగింది.

"అంత బాధలో ఉండి మన కర్టెన్ సంగతి ఎందుకండీ ఆవిడకి?" అన్నాడు ఆఖరిబెంచీ.

"రాసుకో," అన్నారు టీచరుగారు.

* * *

పెద్దమేస్త్రి ఇల్లు పైన, పనిశాల కింద. గోడకి వరసగా ఉలులు, సన్న రంపాలు. చిత్రిక పట్టిన చెక్కల వాసన. మధ్యలో పెద్ద బల్ల మీద ఆసుపత్రి తలుపు పరుచుకుని ఉంది. ఏటిగట్టు, రెల్లు, రాయి అన్నీ పూర్తయ్యాయి. రాయి మీద పిట్ట ఆకారంలో ఒక గుంట మాత్రం ఖాళీగా ఉంది. దాన్ని చూస్తే ఆఖరిబెంచీకి ఎందుకో మనసు చివుక్కుమంది.

పెద్దమేస్త్రి బక్కపలచని మనిషి. మాటకీ మాటకీ మధ్య దగ్గు. బల్ల చివర, గోడకి చేరేసిన రంపపు పొట్టు బస్తాల పక్కనే ఆయన కూర్చునే పీట. పైకప్పు కారి ఆ బస్తాల మూల తడి చార దిగింది. ఆఖరిబెంచీ అక్కడ నిలబడి నాలుగుసార్లు తుమ్మాడు.

"ఆ చెక్క ఎలా ఉండేదో చూపించగలరా?" అడిగారు టీచరుగారు.

గోడ అరమీది పాతపెట్టె ఒకటి తీశాడు పెద్దమేస్త్రి. మూత మీద గోరంత నీలిపచ్చ ఆకు పొదిగి ఉంది. దాన్ని చూపించగానే ఆయన కోపం ఎటుపోయిందో, ముఖం వెలిగింది.

"ఇది రంగు కాదమ్మా. బూజు చేసిన పని! అడవిలో పడిపోయిన కొమ్మని బూజు పట్టి తింటుంది చూశారూ, ఆ తినడంలో చెక్కకి ఈ రంగు ఎక్కుతుంది. మనిషి చెయ్యలేడు."

ఈ ముక్క ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాడని ఆ చెప్పే తీరులోనే తెలుస్తోంది. మంచినీళ్లు తెచ్చిన భార్య ఆ మాట వినగానే గ్లాసులు పెట్టేసి గబగబా పైకి వెళ్లిపోయింది.

టీచరుగారు పెట్టె మూతని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశారు. ముక్కు ఆనించి వాసన కూడా చూశారు. ఆఖరిబెంచీకి ఒళ్లు పులకరించింది. అతను కూడా చూశాడు. చెక్క వాసనే వచ్చింది.

"బీరువాలో ఇంకేం పోయాయి?"

"ఏమీ లేదు. నల్లచెక్క దుంగ ఉంది. ధరలో దానికి ఈ పద్నాలుగూ సరితూగవు. దాన్ని ముట్టుకోలేదు."

"మీ తాళంచెవి ఎప్పుడైనా మెళ్లోంచి తీస్తారా?"

"స్నానానికి తప్ప తియ్యను. తుప్పు పడుతుందని."

ఇంతలో ఆయన తమ్ముడు వచ్చాడు. ఉలి పట్టడం రాకపోయినా పనులు కుదిర్చి పెట్టేది అతనే. అందుకని వీధిలో అతన్ని వెక్కిరింతగా చిన్నమేస్త్రి అంటారు. చంకలో పచ్చరంగు వేసిన పలచటి చెక్కరేకుల కట్ట ఉంది.

"వార్డు పదిరోజుల్లో తెరుస్తారండీ. ఇవి పెట్టి పిట్టని పూర్తి చెయ్యమంటే అన్నయ్య వినడు. పోయిన మర్నాడే తెచ్చాను, నామీద కూడా అనుమానపడుతున్నాడు."

"పోయిన మర్నాడే తెచ్చావు మరి!" అన్నాడు అన్నయ్య, దగ్గుతూ.

టీచరుగారు చేతిరుమాలు తడిపి ఆ రేకు మీద రుద్దారు. రుమాలు పచ్చబడింది. అదే రుమాలు ఇంకో కొస తడిపి పెట్టె మూత మీది ఆకుని రుద్దారు. రుమాలు తెల్లగానే ఉంది.

"పిల్లలు ఓ పది రోజులు చేతులతో తడిమితే మీ పిట్ట పావురం అవుతుంది," అన్నారామె చిన్నమేస్త్రితో. అతను కట్టని వీపు వెనక్కి దాచుకున్నాడు.

తర్వాత చేతులు కడుక్కునే వంకతో టీచరుగారు మేడమీది వంటగదిలోకి వెళ్లారు. మూలన పెద్ద గిన్నె బోర్లించి ఉంది. దాన్ని తిప్పి చూశారు. లోపల జానెడు ఎత్తున చుట్టూ గోధుమరంగు చార. ఎంత తోమినా పోని చార. గిన్నెని ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించి కిందికి దిగారు.

* * *

రంపాలమ్మ గది వెనక వీధిలో, మూడో అంతస్తులో. నలభై అయిదేళ్ల గట్టి మనిషి. ఎడమ బొటనవేలి మీద రంపం గాట్లు. వచ్చినవాళ్లకి చాప వేసి, తాను కిటికీకి వీపు ఆనించి నిలబడింది.

"నేను తియ్యలేదండీ."

"మరి ఆ మాట ఆయనతో ఎందుకు అనలేదమ్మా?"

"మేస్త్రి అన్నయ్యకి కోపం వచ్చినప్పుడు గోడతో చెప్పుకోవడం నయం."

"కోపం తగ్గాక చెప్పొచ్చుగా. పంతొమ్మిది రోజులైంది."

రంపాలమ్మ బొటనవేలి మీది గాట్లు తడుముకుంది.

"ఎవరు తీశారో మీకు తెలుసా?"

"తెలీదండీ," అంది. పదహారేళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా గీత మీద రంపం నడిపిన ఆ మనిషికి అబద్ధం మాత్రం తిన్నగా రాలేదు. మెడ ఎర్రబడింది.

"పోనీ, మీకు పని పోయింది, పేరు పోయింది. ఆయన మీద కోపం లేదా?"

"ఎందుకు లేదూ! కళ్లకి నీళ్లొచ్చేంత ఉంది. కానీ మా ఆయన పోయినప్పుడు నేను మూడునెలలు అన్నం ముట్టకపోతే, రోజూ ఈ మూడంతస్తులూ ఎక్కొచ్చి నోట్లో ముద్ద పెట్టింది వదిన. అలాంటి ఇల్లండీ అది. దాని గురించి నా నోటితో నేనేం చెప్పను."

టీచరుగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. అక్కడినుంచి పెద్దమేస్త్రి డాబా మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది. తాడు మీద ఒక తెల్ల దుప్పటి, వీధివైపుకి తెర కట్టినట్టు ఆరేసి ఉంది.

"పొద్దున మనం వాళ్లింటికి వెళ్లినప్పుడు కూడా అదే దుప్పటి అక్కడే ఉందండీ," అన్నాడు ఆఖరిబెంచీ. "ఎండి ఎండి అప్పడం అయిపోయుంటుంది. ఎవరూ తియ్యరేం?"

టీచరుగారు అతనివైపు తిరిగి, పాతికేళ్లలో మొదటిసారి, "శభాష్," అన్నారు. దేనికో తెలియకపోయినా అతను పొంగిపోయాడు.

* * *

మర్నాడు పదిగంటలకి నలుగురినీ పనిశాలలో సమావేశపరిచారు టీచరుగారు. రంపాలమ్మ రానంటే ఆఖరిబెంచీ బతిమాలి తీసుకొచ్చాడు. ఆమె గుమ్మం పక్కనే నిలబడింది. పెద్దమేస్త్రి ఆమెవైపు చూడలేదు. ఆయన భార్య ఎవరివైపూ చూడలేదు.

"తాళం పగల్లేదు. కాబట్టి తాళంచెవితోనే తీశారు," మొదలుపెట్టారు టీచరుగారు. "రంపాలమ్మ దగ్గర ఒకటి ఉండేది. కానీ దొంగతనానికే తీస్తే ఆ నల్లచెక్క దుంగని వదిలి ఈ ముక్కల్ని తీస్తుందా? పదహారేళ్లు ఇక్కడ పనిచేసిన మనిషికి ఏది ఎంత విలువో తెలీదా?"

"మరి ఎవరికి కావాలివి?" అన్నాడు పెద్దమేస్త్రి.

"మీ తమ్ముడికి కావాలనుకున్నాం కాసేపు. పని తొందరగా తెమిలిపోతుంది కదా. కానీ ఆయనకి తాళంచెవి అందదు. పైగా ముందే ఎత్తువేసిన మనిషి, కనీసం నీళ్లకి కారని రంగైనా చూసి తెచ్చేవాడు."

"అదీ నిజమే," అన్నాడు చిన్నమేస్త్రి, సంతోషించాలో లేదో తెలియక.

"ఇక మిగిలింది మీ మెళ్లోది. స్నానానికి తప్ప తియ్యనన్నారు. ఆ టైములో ఇంట్లో ఎవరుంటారు?"

పెద్దమేస్త్రి భార్యవైపు తిరిగాడు.

"నా దగ్గరికొచ్చిన మనిషి దొంగ దొరక్కపోయినా పర్వాలేదంది," అన్నారు టీచరుగారు, గొంతు తగ్గించి. "వెళ్తూ వెళ్తూ, ఎండకి ఆకుపచ్చ రంగు ఎన్నాళ్లకి పోతుందని అడిగింది. నీడపట్టున ఉండే మనిషి ముఖం ఎండకి కమిలింది. వంటగదిలో పెద్ద గిన్నెకి చెక్క ఉడకబెట్టిన చార ఉంది. డాబా మీద ఎండిపోయినా తియ్యని ఒక దుప్పటి తెరలా వేలాడుతోంది. ఇక తక్కింది నేను చెప్పాలా అమ్మా, మీరు చెబుతారా?"

ఆవిడ లేచింది. మేడమెట్లు ఎక్కింది. కాసేపటికి ఒక పళ్లెం పట్టుకుని దిగింది. దానిమీద కప్పిన గుడ్డ తీసింది. పద్నాలుగు ముక్కలూ ఉన్నాయి. కొన్ని కొద్దిగా వంగాయి, అంతే. పనిశాల గుమ్మంలోంచి పడ్డ వెలుగులో ఆ నీలిపచ్చ నిన్నగాక మొన్న అడవిలోంచి తెచ్చినట్టుంది.

"ఎందుకే?" అన్నాడు పెద్దమేస్త్రి. గొంతులో కోపం లేదు.

"మీ దగ్గుకి ఎక్స్‌రే తీశారు కదా. మీరు బయట కూర్చున్నప్పుడు డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు. ఊపిరితిత్తులు బాలేవన్నాడు. 'ఆయన పనిచేసే చోట బూజు ఏమైనా ఉందా అమ్మా' అని అడిగాడు." ఆవిడ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "బూజు! ముప్పై ఏళ్లుగా వచ్చినవాళ్లందరికీ మీరు చెప్పేదేమిటి? ఇది రంగు కాదమ్మా, బూజు చేసిన పని అనేగా? ఇంకెక్కడ వెతకను?"

ఆవిడ పళ్లెం బల్ల మీద పెట్టింది.

"మరిగిస్తే చస్తుందనుకున్నాను. మూడుసార్లు మరిగించాను. నీళ్లు ఎర్రబడ్డాయి కానీ ఆ పచ్చ పోలేదు. రంగు ఉందంటే బూజు ఇంకా బతికే ఉందనుకున్నాను. ఎండలో పెట్టాను. రెండ్రోజుల్లో పోతుంది, ఎలా తీశానో అలాగే పెట్టేద్దామనుకున్నాను. రోజూ పొద్దున తిరగేయడం, సాయంత్రం చూడటం. ఒక్క ఇసుమంతైనా తగ్గితే ఒట్టు! ఈలోగా మీరు ఈమెని వెళ్లగొట్టారు. రేపటికి పోతుంది, రేపు చెప్పేద్దాం అనుకుంటూ ఇన్ని రోజులు చేశాను. పారేద్దామని రెండుసార్లు వీధిలోకి తెచ్చాను. చేతులు రాలేదు."

"నాతో చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను?" ఆవిడ మొదటిసారి గొంతు పెంచింది. "మొదటి ముక్క ఏరింది ఎవరు? పెళ్లయిన కొత్తలో అడవికి వెళ్లినప్పుడు మీరు అన్నం తింటుంటే, ఇదేదో బాగుందే అని పడిపోయిన కొమ్మ విరిచి మీ చేతిలో పెట్టింది నేనే కదా! నేను ఏరి ఇచ్చిందే మీ ఊపిరి తీస్తోందని ఏ నోటితో చెప్పను?"

పెద్దమేస్త్రి పీట మీద కూలబడ్డాడు. చిన్నమేస్త్రి ముక్కు తుడుచుకున్నాడు. ఆఖరిబెంచీ నోటుపుస్తకంలో రాయడం మానేసి చాలాసేపయింది.

టీచరుగారు పళ్లెంలోంచి ఒక ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఇది బూజు కాదమ్మా. బూజు చేసిపెట్టి వెళ్లిపోయిన వస్తువు. పడిపోయిన కొమ్మని తినే ఒక శిలీంధ్రం, తింటూ తింటూ ఈ రంగుని తయారుచేసి చెక్కలోకి వదులుతుంది. ఈ రంగు పేరు జైలిండీన్. నీళ్లలో కరగదు. ఎండకి లొంగదు. ఐదారువందల ఏళ్ల కిందటి చెక్కబొమ్మల్లో కూడా ఈ పచ్చ ఇంకా ఇలాగే ఉంది. చెక్క ఎండాక ఆ శిలీంధ్రం పెరగదు. ఏ మూలనైనా కాస్త మిగిలినా మీ మొదటి మరుగుకే చచ్చి ఉంటుంది. చేసినవాళ్లు ఎప్పుడో పోయారు, చేసింది మాత్రం పోలేదు. మీరు ఇంకో పదేళ్లు ఎండబెట్టినా నా కర్టెన్‌లా అవదు."

"మరి ఆయన దగ్గు?"

"అది చెప్పాల్సింది డాక్టరే. కానీ డాక్టరు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ బీరువాలో లేదు. ఒరేయ్ ఆఖరిబెంచీ, నిన్న ఎక్కడ నిలబడి తుమ్మావు?"

అతను వేలు చూపించాడు. పెద్దమేస్త్రి పీట వెనక, తడిసిన రంపపు పొట్టు బస్తాలు. టీచరుగారు ఒక బస్తా మూతి విప్పారు. లోపల పొట్టు గడ్డకట్టి, తెల్లగా, బూడిదగా నూగు పట్టి ఉంది. గుప్పుమని వాసన కొట్టింది.

"బతికున్న బూజు ఇదీ. రోజంతా దీనికి వీపు ఆనించి కూర్చుంటున్నారు. ఇవి ఇవాళే బయట పడెయ్యండి. పైకప్పు బాగు చేయించండి. ఉప్పుకాగితం పట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఏ చెక్క పొడైనా ఊపిరికి మంచిది కాదు. రేపు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి, ఇదంతా చెప్పండి. ఈసారి మీరు కూడా లోపలికి వెళ్లండి, మేస్త్రీ."

ఆయన తల ఊపాడు. తర్వాత లేచి గుమ్మం దగ్గరికి నడిచాడు. మెళ్లోంచి తాడు తీసి, తాళంచెవిని రంపాలమ్మ చేతిలో పెట్టాడు. రెండోదాన్ని కూడా జేబులోంచి తీసి పెట్టాడు.

"రెండూ నీ దగ్గరే ఉంచు. నేను..." అంటూండగా దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక కూడా ఆ మాట పూర్తి కాలేదు. చేతులు మాత్రం జోడించాడు.

"అయ్యో, అదేం పని అన్నయ్యా!" ఆమె ఆ చేతులు పట్టుకుని దించింది.

"నీకు తెలుసా?" అడిగింది మేస్త్రి భార్య. "చూశావా నన్ను?"

"రోజూ చూశాను. ఎండలో కూర్చుని ఏడుస్తూ చెక్కముక్కలు తిరగేస్తుంటే అది దొంగతనం ఎలా అవుతుంది వదినా? ఏదో ఉంది, నువ్వే చెబుతావులే అనుకున్నాను. ఇంకో వారం చూసి నేనే వచ్చి నాలుగు తిట్టేదాన్ని." రంపాలమ్మ చెంపలు తుడుచుకుని పళ్లెం వైపు నడిచింది. ఒక ముక్క కంటికి ఎదురుగా పెట్టి చూసింది. "ఎంత ఉడకబెట్టావమ్మా తల్లీ, వంకర్లు తిరిగింది! బరువు పెట్టి సాపు చేయాలి. తొమ్మిది రోజులే ఉంది. ఎవరైనా ఆ బస్తాలు బయటపడేస్తారా, కూర్చుని కబుర్లు చెబుతారా?"

చిన్నమేస్త్రి తన పచ్చరేకుల కట్ట కూడా బస్తాలతో పాటే మోసుకుపోయాడు.

* * *

వార్డు తెరిచిన రోజు టీచరుగారు, ఆఖరిబెంచీ కూడా వెళ్లారు. పెద్దమేస్త్రి దగ్గు పూర్తిగా పోలేదు. మందులు వాడుతున్నాడు, మాటకీ మాటకీ మధ్య వచ్చేది ఇప్పుడు పది మాటలకొకసారి వస్తోంది. డాక్టరు ఇంకో ఎక్స్‌రే తియ్యాలన్నాడట. ఆ సంగతి ఈసారి ఆయనే చెప్పాడు.

తలుపు మీద లకుముకి పిట్ట రాయిని వదిలి గాలిలోకి లేస్తోంది. రెక్కలు నీలిపచ్చగా మెరుస్తున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లకి పెద్దమేస్త్రి చెబుతున్నాడు. "ఇది రంగు కాదమ్మా." అక్కడ ఆగి, పక్కనున్న భార్యని చూపించి, "మొదట ఏరింది ఈవిడ," అన్నాడు. మిగతా సంగతి ఎవరైనా అడిగితే తప్ప చెప్పడం మానేశాడు.

చేతికి పట్టీ వేసుకున్న ఒక చిన్నపిల్ల మంచం దిగి వచ్చి, రెక్క మీద వేలితో గట్టిగా రుద్దింది. వేలు చూసుకుంది. మళ్లీ రుద్దింది.

"అమ్మమ్మా, ఇది పోదా?" అని అడిగింది ఆవిడని.

ఆవిడ పిల్ల పక్కన వంగి కూర్చుంది.

"పోదు నాన్నా. నేను మూడు వారాలు ప్రయత్నించి చూశాను."